పదవులున్నాయి, తోడు లేదు

తెలుగు నేల మీద ఏ ఊరి సంఘాన్నైనా తీసుకోండి. సీఎస్ఐ కావచ్చు, లూథరన్ కావచ్చు, బాప్టిస్టు కావచ్చు, ఈమధ్యే రేకుల షెడ్డులో మొదలైన స్వతంత్ర సంఘమైనా కావచ్చు. కమిటీ పేర్లు చదివితే కార్యదర్శి, కోశాధికారి, పెద్దలు దాదాపు అందరూ మగవాళ్లే. అదే మందిరంలో శుక్రవారం ఉపవాస కూడికకు వెళ్లి చూస్తే చాపల మీద ఉన్నదంతా ఆడవాళ్లే. మగవాళ్లంటే పాస్టరుగారు, మహా అయితే కీబోర్డు వాయించే కుర్రాడు. ఆ కూడికలో వినిపించే ప్రార్థన మనవుల్లో ఎక్కువ భాగం ఇంటాయన గురించే ఉంటాయి. తాగుడు మానాలని, అప్పు తీరాలని, కోపం తగ్గాలని, కనీసం పండగకైనా గుడికి రావాలని. ఎవరి కోసం ఆ కన్నీళ్లో ఆ మనిషి మాత్రం అక్కడ ఉండడు. అలాగని ఆయన సంఘాన్ని విడిచిపెట్టినవాడూ కాదు. డిసెంబరు వస్తే నక్షత్రం కట్టేది, పందిరి రాటలు పాతేది, ప్రేమవిందులో అన్నం వడ్డించేది ఆయనే. ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే అర్ధరాత్రి లేచి వచ్చి సమాధి తవ్వించేది, పెట్టెను భుజాన మోసేది కూడా ఆయనే.

సంఘానికి మగవాడి చేతులు కావాలి, చందా కావాలి, ఎన్నికలప్పుడు ఓటు కావాలి. అతని లోపల ఏం జరుగుతోందని అడిగే చోటు మాత్రం సంఘంలో కనబడదు. ఆడవాళ్లకు స్త్రీల మైత్రి ఉంది, స్త్రీల సమాజం ఉంది. పిల్లలకు సండే స్కూలు, కుర్రకారుకు యవనస్థుల కూడిక ఉన్నాయి. పెళ్లయిన నాటి నుంచి కాటికి పోయేదాకా మగవాడికి దక్కేది ఆదివారం ఒక వరుసలో చోటు, అదృష్టముంటే కమిటీలో ఒక కుర్చీ. క్రైస్తవ పురుషుడు ఆత్మీయంగా ఎదగడానికి ఇంకో ప్రసంగం, ఇంకో పదవి, ఇంకో మహాసభ చాలవు. వారం వారం తన బతుకును దాపరికం లేకుండా చెప్పుకోవడానికి పదిమంది తోటి మగవాళ్లు కావాలి. పురుషుల సహవాసం పేరుతో సంఘాలు చేయాల్సిన పని ఇది. చాలాచోట్ల ఆ పేరు బ్యానరు మీద ఉంది, పని జరగడం లేదు.

మగవాళ్లకు సహజంగానే భక్తి తక్కువ, దానికి ఎవరేం చేస్తారు అనేవాళ్లు ఉన్నారు. ఈ మాటను కొంచెం ఆగి పరీక్షించాలి. అమెరికాకు చెందిన ప్యూ రిసెర్చ్ సెంటర్ 2016లో ప్రపంచ దేశాల్లో స్త్రీపురుషుల భక్తి తేడాల మీద ఒక నివేదిక వెలువరించింది. వారానికి ఒక్కసారైనా ఆరాధనకు వెళ్తున్నామని చెప్పినవారు క్రైస్తవ స్త్రీలలో 53 శాతం, క్రైస్తవ పురుషులలో 46 శాతం. ఇక్కడే ఆగిపోతే ఆ మాట నిజమేననిపిస్తుంది. కానీ అదే నివేదికలో ముస్లింల లెక్క పూర్తిగా తిరగబడి ఉంది: పురుషులలో 70 శాతం, స్త్రీలలో 42 శాతం. శుక్రవారం సామూహిక నమాజు మగవాడి బాధ్యత అని అక్కడ చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. మగపుట్టుకలోనే భక్తి కొరత ఉంటే ఈ తేడా ఎలా వస్తుంది? ఒక సమాజం ఎవరి నుంచి ఏమి ఆశిస్తుందో, ఎవరికి ఏ చోటు సిద్ధం చేస్తుందో దాన్నిబట్టి మనుషులు వస్తారు, రారు. మన సంఘాలు మగవాడి నుంచి ఆశించేది హాజరు, చందా, పని. అంతవరకు అతను ఇస్తూనే ఉన్నాడు.

అడగకుండా వదిలేసిన ఆ లోపలి బతుకు ఎలా ఉందో చెప్పే లెక్కలు చర్చి బయట దొరుకుతాయి. అవి క్రైస్తవులవి మాత్రమే కావు, అందరివీ. కానీ మన సంఘాల మగవాళ్లు ఆ అందరిలోని వాళ్లే. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన పురుషులలో మద్యం తాగేవారు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పిన వివాహితలు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారు 1,70,924 మంది. వారిలో పురుషులు 1,22,724 మంది, అంటే పదిమందిలో ఏడుగురు. రోజు కూలీలు నాలుగో వంతుకు మించి ఉన్నారు. ఈ అంకెలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మనిషి కనబడతాడు. దగ్గరున్న మనిషిని కొడతాడు, చేతిలో ఉన్న డబ్బు తాగుతాడు, చివరికి తన ప్రాణమే తీసుకుంటాడు. ఈ మూడు చోట్లలో ఎక్కడా తన మనసులోది ఇంకొకరికి చెప్పుకోడు. కొట్టినవాడి నేరం దీంతో తగ్గదు. కానీ అతన్ని మార్చాలని నిజంగా అనుకునేవాళ్లు ఆ మౌనం దగ్గరే మొదలుపెట్టాలి.

చెప్పుకునే చోటుంటే మనుషులు ఎంత మారతారో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురుతిరిగిన ఆడవాళ్లు అంతకుముందు రాత్రి బడుల్లో కలిసి కూర్చున్నవాళ్లు. అక్షరాలు దిద్దుతూ ఒకరి కష్టం ఒకరు విన్నారు. తన ఇంటి గొడవ తన ఒక్కదానిదే కాదని ప్రతి మనిషికీ అక్కడ తెలిసింది. ఆ ఉద్యమమే 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధం దాకా వెళ్లింది. రెండేళ్లకు ప్రభుత్వం దాన్ని సడలించినా, కలిసి కూర్చునే అలవాటు పోలేదు. డ్వాక్రా సంఘాల రూపంలో ఊరూరా స్థిరపడింది. పదిమంది, ఒక పుస్తకం, క్రమం తప్పని సమావేశం, ఒకరి అప్పుకు అందరూ జవాబుదారీ. మూడు దశాబ్దాలుగా తెలుగు ఆడవాళ్లు దీన్ని సాధన చేస్తున్నారు. అదే ఊళ్లో మగవాళ్లు సాయంత్రం పోగయ్యే చోటు బెల్టు షాపు. అక్కడ మాట్లాడతారు, నిజమే. కానీ అక్కడ చెప్పిన మాట తెల్లారితే ఎవరికీ గుర్తుండదు, ఎవరూ దానికి జవాబు అడగరు. సంఘం పోటీ పడాల్సింది ఆ షాపు బల్లతోనే.

క్రైస్తవ చరిత్రలో పురుషులు మారిన చోట్లు వెతికితే దాదాపు ప్రతిసారీ ఇలాంటి చిన్న గుంపే దొరుకుతుంది. మెథడిస్టుల కథ నేర్చుకోదగ్గది. 1742 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణంలో జాన్ వెస్లీ అనుచరులు తమ కూడికల భవనం మీద ఉన్న అప్పు తీర్చడం ఎలాగని ఆలోచిస్తున్నారు. మనిషికి వారానికి ఒక పెన్నీ వేసుకుందామని కెప్టెన్ ఫోయ్ అనే ఆయన సూచించాడు. అంత కూడా ఇచ్చుకోలేని పేదవాళ్లున్నారు కదా అంటే, అలాంటివాళ్లను పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం వెళ్లి కలుస్తాను, ఇవ్వలేనివాళ్లది నేనే వేస్తాను అని ముందుకొచ్చాడు. మిగతావాళ్లూ అలాగే పదకొండేసి మందిని తీసుకున్నారు. వసూలుకని ఇళ్లకు వెళ్లినవాళ్లకు వసూలు కన్నా పెద్ద సంగతులు కంటబడ్డాయి. ఒకరి ఇంట్లో భార్యాభర్తల తగువు, ఇంకొకరు తాగి పడి ఉన్నారు. వెస్లీకి విషయం అర్థమైంది. ఎన్నాళ్లుగానో తాను వెతుకుతున్న కాపరి పని అప్పు వసూలు దారిలో దొరికింది. ఇంటింటికీ తిరగడం మాని, పన్నెండు మందినీ వారానికొకసారి ఒకచోట చేర్చడం మొదలుపెట్టారు. అదే క్లాస్ మీటింగ్. దానిలో స్త్రీలూ పురుషులూ కలిసే ఉండేవారు. అంతకన్నా చిన్నవైన బ్యాండ్లు అనే బృందాలు మాత్రం మగవాళ్లవి వేరు, ఆడవాళ్లవి వేరు. పోయినసారి కలిసిన తర్వాత ఏ పాపం చేశావు, ఏ శోధన ఎదురైంది, దాని నుంచి ఎలా బయటపడ్డావు అని అక్కడ ఒకరినొకరు సూటిగా అడిగేవారు. వెస్లీ ప్రసంగాలు విన్నవాళ్లలో కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల కార్మికులు చాలామంది. ఆ కూలీలు నిలబడింది ప్రసంగం విన్న రోజు కన్నీళ్లతో కాదు, తర్వాత ఏళ్ల తరబడి జరిగిన ఆ వారపు లెక్కతో. ఆ మెథడిస్టు పాయే తర్వాత నిజాం రాజ్యానికీ వచ్చింది. కరువు రోజుల్లో పేదలకు పని చూపిస్తూ మిషనరీ పోస్నెట్ దొర కట్టించి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ మహాదేవాలయం ఆ వారసత్వమే. గోపురం మనకు మిగిలింది. ఆ గోపురానికి ముందున్న పన్నెండు మంది గుంపు జారిపోయింది.

డోర్నకల్ దాకా వచ్చిన ఇంకో పాయ లండనులోని ఒక బట్టల కొట్టులో పుట్టింది. పొద్దున్నించి రాత్రిదాకా కొట్టులో నిలబడి, రాత్రి ఆ పైఅంతస్తులోనే పడుకునే గుమస్తాలు. ఊరికి దూరం, ఇంటికి దూరం, చేతికి అందుబాటులో సారాయి అంగళ్లు. వాళ్లలో జార్జి విలియమ్స్ అనే 22 ఏళ్ల కుర్రాడు పడకగదిలోనే నలుగురిని కూర్చోబెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. 1844 జూన్ 6న పన్నెండు మంది కలిసి దానికి వైఎంసీఏ అని పేరు పెట్టుకున్నారు. అర్ధ శతాబ్దం గడిచాక, మద్రాసులో ఆ సంస్థ కార్యదర్శిగా పనిచేస్తూ తనను తాను తీర్చిదిద్దుకున్నవాడే వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి నుంచి డోర్నకల్‌కు వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో కన్నుమూసేదాకా తెలుగు పల్లెల్లోనే ఉన్నాడు. బిషప్ కావడానికి రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన చేసిన ప్రసంగం అప్పట్లో పెద్ద కలకలం రేపింది. మిషనరీల త్యాగాన్ని మనసారా ఒప్పుకుంటూనే, మాకు కావలసింది స్నేహితులు అని అడిగాడు. ఆయన ఆ మాట చెప్పింది తెల్లదొరలకు. ఈనాటి మన సంఘాలకు కూడా అది తగులుతుంది. పక్కపక్క వరుసల్లో ముప్పయ్యేళ్లుగా కూర్చుని, ఒకరి ఇంటి గడప ఒకరు పెళ్లికో చావుకో తప్ప తొక్కని మగవాళ్లు మన సంఘాల నిండా ఉన్నారు.

ఇదంతా సీమ సరుకు, మన పల్లెకు అతకదు అనేవాళ్లకు ఒంగోలు కథ జవాబు చెబుతుంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్రైస్తవ చరిత్రలో అందరూ చెప్పుకునే రోజది. అక్కడి మిషనరీ జాన్ క్లౌ పేరు అందరికీ తెలుసు. ఆ రోజుకు పన్నెండేళ్ల ముందు క్రైస్తవుడైన ఎర్రగుంట్ల పేరయ్య పేరు చాలామందికి తెలియదు. తోళ్ల వర్తకం చేసే మాదిగ మనిషి. తాళ్లకొండపాడు ఆయన ఊరు. ఆయన, భార్య నాగమ్మ కలిసి విశ్వాసంలోకి వచ్చారు. వర్తకం కోసం తిరిగే ఊళ్లలోనే, బంధువుల వాకిళ్లలోనే, చెప్పులు కుట్టే చోటే తను విన్నది చెప్పాడు. అంతకుముందు పేరయ్య రాజయోగ మార్గంలో నడిచినవాడు. గురువు చుట్టూ కొద్దిమంది చేరి రాత్రిళ్లు కూర్చుని తమ బతుకును, ముక్తిని గురించి మాట్లాడుకునే అలవాటు ఆ వాడల్లో క్రైస్తవం రాకముందే ఉంది. సువార్త ఆ అలవాటు పట్టుకునే పాకింది. వెల్లంపల్లిలో కనబడిన ఆ వేల మందిని అక్కడికి నడిపించింది వేదిక మీది వక్త కన్నా, తమ పని తాము చేసుకుంటూ తోటివాడితో మాట్లాడిన మనుషులు. చిన్న గుంపు మన మట్టిలో పుట్టిందే.

పెద్ద సభ ఏమిటో, చిన్న గుంపు ఏమిటో ఒకేసారి చూపించే ఉదాహరణ అమెరికాలో ఉంది. కొలరాడో విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ శిక్షకుడు బిల్ మెకార్ట్నీ 1990లో ప్రామిస్ కీపర్స్ అనే పురుషుల ఉద్యమాన్ని ప్రారంభించాడు. ఆరేళ్లు తిరిగేసరికి స్టేడియాల్లో ఏడాదికి పది లక్షలకు పైగా మగవాళ్లు పోగయ్యే స్థాయికి అది చేరింది. 1997 అక్టోబరు 4న వాషింగ్టన్ నడిబొడ్డున లక్షలాది మంది మోకరించారు. మరుసటి ఏడాది మొదట్లోనే సిబ్బందికి జీతాలివ్వడానికి డబ్బు లేని స్థితి వచ్చింది. మళ్లీ ఆ ఎత్తుకు అది చేరలేదు. అక్కడ ఏడ్చినవాళ్ల కన్నీళ్లు అబద్ధమనడం అన్యాయం. ఆ ఉద్యమం చేయించిన ఏడు వాగ్దానాల్లో ఒకటి, కొద్దిమంది తోటి పురుషులతో దగ్గరి బంధం పెట్టుకోవడం గురించే. అంటే వాళ్లకూ సంగతి తెలుసు. తెలిసినా జనం స్టేడియానికి వచ్చినంత సులువుగా ఆ వాగ్దానానికి రాలేదు. మన దగ్గర మూడు రాత్రుల ఉజ్జీవ కూడికలకు కూడా ఇదే జరుగుతోంది. లైట్లు, లౌడ్‌స్పీకర్లు, పేరున్న ప్రసంగీకుడు, చివరి రాత్రి ముందుకు వచ్చి మోకరించిన మగవాళ్లు. నాలుగో రోజు పందిరి విప్పుతారు. ముందుకు వచ్చినవాడి పేరు ఎవరి పుస్తకంలోనూ ఉండదు. వారం తిరిగేలోగా అతని ఇంటికి వెళ్లి కూర్చునేవాడు లేకపోతే, మూడు రాత్రులకు పెట్టిన ఖర్చులో ఆ మనిషి కోసం మిగిలింది ఏమీ లేదు.

చిన్న గుంపులో నిజం చెప్పుకోవడం వల్ల మార్పు వస్తుందా అన్నది నమ్మకానికి వదిలేయాల్సిన సంగతి కూడా కాదు. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతుల మధ్య మాటలతో మొదలైంది. వాళ్లు ఆ పద్ధతి నేర్చుకున్నది ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సహవాసం నుంచి. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ 2020లో ఈ పద్ధతి మీద జరిగిన 27 అధ్యయనాలను, వాటిలోని 10,565 మంది వివరాలను పరిశీలించింది. పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఈ బృందాలు, వాటి వైపు మళ్లించే చికిత్సలు, పేరున్న ఇతర మానసిక చికిత్సల కన్నా మెరుగ్గా ఉన్నాయని తేల్చింది. అక్కడ ప్రసంగం లేదు, డాక్టరు లేడు, వేదిక లేదు. తనలాగే పడి లేచినవాళ్ల ముందు నోరు తెరిచి చెప్పడం, వచ్చేవారం మళ్లీ వచ్చి చెప్పడం, అంతే. యాకోబు పత్రిక చివరి అధ్యాయం విశ్వాసులకు చెప్పిన పనీ ఇదే: పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకుని ఒకరి కోసం ఒకరు ప్రార్థించడం. చర్చిలో పుట్టిన మందును చర్చి మరిచిపోతే బయటివాళ్లు వాడుకుని బాగుపడ్డారు. ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పాలి. ఏళ్ల తరబడి విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లడం కూడా ఆ పదిమంది పనే.

దీనివల్ల లాభపడేది ఆ మగవాడు ఒక్కడే కాదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త వెర్న్ బెంగ్‌ట్సన్ 1970 నుంచి 350కి పైగా కుటుంబాలను తరాల వెంట పరిశీలించి, విశ్వాసం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎలా చేరుతుందో 2013లో పుస్తకంగా రాశాడు. తండ్రి భక్తిపరుడు కావడం ఒక్కటే చాలదు, పిల్లలతో ఆయనకు ఆప్యాయమైన బంధం ఉందా లేదా అన్నది చాలా పెద్ద సంగతి అని అందులో తేలింది. అది వేరే దేశపు లెక్క, నిజమే. అయినా కుటుంబ ప్రార్థనలో వాక్యం చదివి, పది నిమిషాల తర్వాత అదే పిల్లల మీద చేయి ఎత్తే ఇల్లు ఏ దేశంలోనైనా ఒకటే నేర్పుతుంది. తిమోతికి విశ్వాసం అమ్మమ్మ లోయి నుంచి, తల్లి యునీకే నుంచి వచ్చింది. తండ్రి చోటును పౌలు నింపాడు. ఇవాళ మన సంఘాల్లో లోయిలు, యునీకేలు ఉన్నారు. పౌలుకే కొరత.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా బలమైనది ఆడవాళ్ల నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అధికారమంతా ఇప్పటికే మగవాళ్ల చేతిలో ఉంది, వాళ్లకు ఇంకో గది ఎందుకు? వేరుగా కూర్చుని ఇంటికి యజమానివి నువ్వే అని ఒకరినొకరు ఎగదోసుకోవడానికా? ప్రామిస్ కీపర్స్ మీద అమెరికాలో స్త్రీల సంఘాలు చేసిన విమర్శ కూడా ఇదే. భార్యను అదుపులో పెట్టడం నేర్పే పురుషుల కూడిక ఎక్కడైనా ఉంటే దాన్ని మూసేయడమే సంఘానికి మేలు. కానీ ఇక్కడ చెబుతున్న గుంపులో అధికారం గురించి పాఠం ఉండదు, లెక్క అప్పజెప్పడం ఉంటుంది. తిమోతికి రాసిన మొదటి పత్రికలో పౌలు పెద్దలకు పెట్టిన షరతులు చూడండి: తాగుబోతు కాకూడదు, కొట్టేవాడు కాకూడదు, డబ్బాశ ఉండకూడదు. వాక్చాతుర్యం కన్నా ఇంట్లో నడవడికే ఆ జాబితాలో ఎక్కువ ఉంది. అలాంటి గుంపు పనిచేస్తోందా లేదా అన్నదానికి తీర్పరి భార్యే కావాలి. ఏడాది తర్వాత ఇంట్లో అరుపులు తగ్గాయా, జీతం ఇంటికి వస్తోందా, పిల్లవాడి పుస్తకం నాన్న తెరిచి చూస్తున్నాడా అని ఆమెను అడగాలి. ఆమె లేదు అంటే ఆ కూడిక విఫలమైనట్టే, ఎన్ని కీర్తనలు పాడినా.

గుట్టు బయటపడుతుందన్న భయం ఇంకొకటి. పల్లెలో ఒకరి నోట పడిన మాట సాయంత్రానికి ఊరు దాటుతుంది. అందుకే గుంపు చిన్నది కావాలి, దానిలోకి కొత్తవాళ్లు ఇష్టమొచ్చినట్టు వచ్చిపోకూడదు, అక్కడ విన్నది భార్యకు సైతం చెప్పకూడదన్న ఒప్పందం మొదటిరోజే జరగాలి. ఆ ఒప్పందానికి రెండే రెండు మినహాయింపులు ఉండాలి. భార్య మీదో పిల్లల మీదో హింస జరుగుతోందని తెలిసినా, ఎవరైనా చనిపోవాలనుకుంటున్నారని తెలిసినా గుట్టు నిలవదు. కొట్టి వచ్చి ఒప్పుకున్నాను, ప్రార్థన చేశారు, ఇక సరిపోయింది అనుకోవడానికి లేదు. 2005 నాటి గృహహింస చట్టం విశ్వాసులకు కూడా చట్టమే. ఆమెకు 181 నంబరు తెలియాలి. నిరాశలో ఉన్నవాడికి టెలిమానస్ 14416 తెలియాలి. నాతాను ప్రవక్త దావీదు ఎదుట నిలబడినప్పుడు రాజుగారి గుట్టు కాపాడలేదు. చనిపోయిన ఊరియా పక్షాన మాట్లాడాడు.

తీరిక ఎక్కడిది అనే మాట చాలామంది నోట వస్తుంది, దానిలో నిజం ఉంది. ఆటో నడిపేవాడికి ఆదివారమే ఎక్కువ బేరం. కొత్తగూడెం, గోదావరిఖని సంఘాల్లో షిఫ్టులను బట్టి ఆరాధనకే సగం మంది రాలేరు. కువైట్‌లో పనిచేసేవాడికి శుక్రవారమే సెలవు. అలాంటప్పుడు మంగళవారం సాయంత్రం ఏడింటికి అందరూ మందిరానికి రండి అని ప్రకటన చేసి, ఎవరూ రాలేదని నిట్టూర్చి లాభం లేదు. గుంపు మనిషి పని దగ్గరికి వెళ్లాలి. షిఫ్టు దిగిన నలుగురు టీ కొట్టు దగ్గర అరగంట కూర్చున్నా అది కూడికే. కింగ్స్‌వుడ్ గని కార్మికులకు మనకన్నా తీరిక ఎక్కువ లేదు.

పాస్టర్ల వైపు నుంచి, బయటికి చెప్పకపోయినా, ఒక జంకు ఉంటుంది. పదిమంది మగవాళ్లు వేరుగా కూర్చుంటే అది రేపటి ఎన్నికల వర్గం అవుతుందని. సంఘ ఎన్నికలు, ఆస్తుల తగాదాలు, కోర్టు వాయిదాలు చూసినవాళ్లకు ఆ భయం సహజం. దానికి విరుగుడు గుంపు కూర్పులోనే ఉంది. కమిటీ సభ్యులను ఒకే గుంపులో వేయకూడదు. ఉద్యోగి, కూలీ, పెద్దాయన, కొత్తగా పెళ్లయినవాడు కలిసి ఉండాలి. మాల, మాదిగ అన్న గీత ప్రభువు బల్ల దగ్గర ఇంకా కనబడే సంఘాల్లో ఆ గీతను మొదట ఇక్కడే చెరపాలి. చందా వసూలు, సంఘ వ్యవహారాలు అక్కడ మాట్లాడకూడదు. మైకు పెట్టకూడదు. పాస్టరుగారు నడిపించకూడదు, ఎందుకంటే ఆయన ముందు ఎవరూ నిజం చెప్పరు. ఆయనకు కూడా ఇంకో ఊరి పాస్టర్లతో ఇలాంటి గుంపు ఒకటి ఉండాలి. చాలామంది కన్నా ఒంటరివాడు ఆయనే. ఇలాంటి గుంపుకు యోగ్యులనే వెతకనక్కర్లేదు. అదుల్లాము గుహలో దావీదు దగ్గరికి వచ్చిన నాలుగువందల మందీ ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు, అప్పులపాలైనవాళ్లు, మనసు విరిగినవాళ్లు. యోగ్యులను ఏరుకుని దావీదు బలగాన్ని కట్టలేదు. తర్వాత అతని పరాక్రమవంతులుగా పేరు పొందినవాళ్ల మొదలు ఆ గుహే.

ఒక్క మాట అడ్డురావచ్చు: నా విశ్వాసం నాకూ దేవునికీ మధ్య, మధ్యలో ఈ పదిమంది ఎందుకు? గెత్సేమనేలో యేసు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లి, మెలకువగా ఉండమని అడిగాడు. వాళ్లు నిద్రపోయారు. నిద్రపోతారని తెలిసి కూడా ఆ రాత్రి ఆయన వాళ్లను దగ్గర ఉండమన్నాడు. ప్రభువుకే అవసరమైన తోడు తనకు అక్కర్లేదని చెప్పగల క్రైస్తవుడు ఎవరు?

సంఘ పెద్దలకు ఒక విన్నపం. పురుషుల సహవాసం ప్రారంభోత్సవానికి బ్యానరు అచ్చు వేయించకండి, ముఖ్య అతిథిని పిలవకండి. ఈ వారంలోనే, ఏ పదవీ లేని, కొన్నాళ్లుగా మందిరంలో కనబడని ఒక మగవాడి ఇంటికి వెళ్లండి. చందా పుస్తకం ఇంట్లోనే ఉంచి వెళ్లండి. ఎలా ఉన్నావు అని అడిగి, అతను చెప్పేదాకా కూర్చోండి. తర్వాత మీరెలా ఉన్నారో అతనికి చెప్పండి. వచ్చేవారం ఇద్దరూ కలిసి మూడో మనిషి ఇంటికి వెళ్లండి.